శ్రమల దినాల్లో మామిడిపండు మానేసే విధానం

లోకాశలను జయించడంలో చిత్తూరు క్రైస్తవులను మించినవారు లేరని నా దృఢమైన అభిప్రాయం. ఏటా భస్మ బుధవారం రాగానే ఇది రుజువవుతుంది. ఆనాటి నుంచి ఈస్టరు దాకా యేసు శ్రమలను తలుచుకునే శ్రమల దినాలు; ఇష్టమైనది ఏదో ఒకటి మానుకోవాలన్నది ఆచారం. షుగరున్న పెద్దాయన మైసూరుపాకు మానేస్తాడు. బీపీ ఉన్న పిన్నమ్మ ఊరగాయ త్యజిస్తుంది. ఒక విశ్వాసి అయితే తోతాపురి మామిడిపండు ముట్టనని తీర్మానించుకున్నాడు. ఈస్టరు ఎంత ఆలస్యమైనా ఏప్రిల్ 25 దాటదు. మా తోటల్లో తోతాపురి కోతలు జూన్ నాటి మాట. ఇంత నిష్ఠగా నిలబెట్టుకున్న తీర్మానం నేనింకోటి చూడలేదు.

లెక్క కూడా మన పక్షమే. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా 46 రోజులు. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి ఉపవాసంలో చేరదు. ఆరు ఆదివారాలు తీసేస్తే సరిగ్గా 40. పూర్వీకులు పెట్టిన ఈ ఏర్పాటు లోతును మావాళ్ళు బాగా గ్రహించారు. ఆరు రోజులు మటన్‌కు దూరంగా ఉండి, ఏడో రోజు బాకీ వడ్డీతో సహా వసూలు చేస్తారు. ఆరాధన ముగిసిన పది నిమిషాలకు మటన్ అంగడి ముందు నిలబడే తెల్లచొక్కాలు ఎవరివో వేరే చెప్పాలా?

నోటి శోధనకు, అంటే తిండి ఆశ పెట్టే పరీక్షకు, బైబిల్లో పెద్దపీటే ఉంది, కాదనను. ఏదెను తోటలో పండు, అరణ్యంలో రొట్టె. అయితే యేసుకు మత్తయి సువార్తలో వచ్చిన మూడో శోధన తిండిది కాదు. అపవాది, అంటే సాతాను, ఆయన్ను ఎత్తైన కొండ మీదికి తీసుకెళ్ళి, లోకరాజ్యాలన్నీ చూపించి, తనకు సాగిలపడితే ఇస్తానన్నాడు. ఇప్పుడు కొండ ఎక్కే శ్రమ కూడా లేదు. బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మన జిల్లా మీదుగానే పోతోంది, బ్రోకరు లేఅవుట్‌ను వాట్సాప్‌లో పంపిస్తాడు. రిజిస్ట్రేషన్ అయ్యాక గుడిలో నిలబడి, దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెబుతారు. చప్పట్లు కూడా పడతాయి. అదే స్థలం పక్కింటాయన కొన్నాడనుకోండి, "లోకంలో పడిపోయాడబ్బా, ఆయన కోసం ప్రార్థన చేయండి" అంటారు.

ఇక పాపం ఇస్సాకు పెద్దకొడుకు ఏశావు. అలసి సొలసి వచ్చి, ఒక పూట చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వం, అంటే పెద్దకొడుకు హక్కు, అమ్ముకున్నాడని ప్రతి ఏడూ తిట్లు తింటాడు. చలికాలంలో పితికిపప్పు పులుసు, రాగిసంగటి ఎరిగిన చిత్తూరోళ్ళం ఆయన మీద రాయి వేసే ముందు కాస్త జంకాలి. అదలా ఉంచండి. ఆకలిగా వచ్చిన అన్నకు పెట్టే ముందు ప్రమాణం చేయించుకుని హక్కు లాక్కున్న తమ్ముడు యాకోబున్నాడే, ఆయనకొచ్చిన శోధన మీద ఇంతవరకు నేనొక్క ప్రసంగం వినలేదు. ఎలా వింటాం? శ్రమల దినాల్లో మానాల్సిన వాటి పట్టీలో మాంసం ఉంది, సినిమా ఉంది, ఆడవాళ్ళ నగలున్నాయి, పిల్లల ఫోన్లున్నాయి. అన్నదమ్ముల వాటా లేదు, కట్నం లేదు, సంఘాన్ని నడిపే పాస్టరేట్ కమిటీ కుర్చీ అసలే లేదు.

పట్టీ రాసేది కమిటీయే మరి.