మురుగు ఎరువు: లోడుతో పాటు లెక్క కూడా పొలానికి రావాలి

మురుగు శుద్ధి ప్లాంటులో ఎండబెట్టిన బురదను చేత్తో విరిచి చూస్తే అచ్చం మాగిన పెంటలాగే ఉంటుంది. నల్లగా, గుల్లగా ఉంటుంది, వాసన కూడా పెద్దగా రాదు. ఆరబెట్టే మడుల్లో ఎవరూ నాటని టమాటా మొక్కలు కనిపిస్తాయి. అవి మనం తిన్న టమాటాల గింజలే. పశువులు తగ్గిపోయి ట్రక్కు దిబ్బ ఎరువు దొరకడమే కష్టమైన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఇలాంటిది గట్టు దాకా వస్తే వద్దనే రైతు ఉండడు. వద్దనమని నేనూ చెప్పను. అందులో నత్రజని, భాస్వరం, నేలకు కావలసిన సేంద్రియ పదార్థం ఉన్నాయి. వాటితో పాటే జింకు, రాగి, సీసం, నికెల్, కాడ్మియం అనే విషలోహం కూడా ఉన్నాయి. ఇళ్ల మురుగులో మెకానిక్ షెడ్ల నీళ్లు, బ్యాటరీ కొట్ల నీళ్లు కలిసేకొద్దీ ఇవి పెరుగుతాయి. నీరు శుభ్రపడిందంటే అందులోని లోహాల్లో చాలా భాగం బురదలోకి దిగిందనే అర్థం.

ఒక ఎకరానికి లెక్క వేసి చూద్దాం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కిలో సిటీ కంపోస్టులో (పట్టణ చెత్తతో చేసే ఎరువులో) కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. సరిగ్గా ఆ హద్దులో ఉన్న ఎండు బురదను 5 టన్నులు చల్లితే పొలంలోకి 25 గ్రాములు చేరుతుంది. ఆ ఎకరంలో మూడు పుట్లు, అంటే 2,550 కిలోల ధాన్యం పండి, కిలోకు 0.1 మిల్లీగ్రాము చొప్పున గింజలోకి ఎక్కిందనుకున్నా బయటికి పోయేది పావు గ్రాము. వందో వంతు! మిగతాది చాలావరకు దుక్కి పొరలోనే ఉండిపోతుంది. ఆరంగుళాల పైమట్టి ఎకరాకు సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది కాబట్టి ఒక్క ఏడాదిలో తేడా తెలియదు. ఏటా తోలుతూ పోతే పదేళ్లకు కిలో మట్టికి 0.28 మిల్లీగ్రాములు కలుస్తుంది. మామూలు నేలలో సహజంగా ఉండేదే ఇంచుమించు అంత. ఉత్తర్వు కిలో ఎరువుకు హద్దు పెట్టింది గానీ, ఒకే పొలానికి ఎన్ని లోడ్లు తోలారని అడగడం లేదు. 1986 నాటి ఐరోపా ఆదేశం మట్టికే హద్దు పెట్టింది. అక్కడ నేల ఆ హద్దు దాటితే బురద చల్లకూడదు.

మన నేలలన్నీ ఒకటి కావు. ప్రకాశం నల్లరేగడిలో సున్నం శాతం ఎక్కువ, అది లోహాలను గట్టిగానే పట్టి ఉంచుతుంది. ఎర్ర ఇసుక నేలలకు ఆ పట్టు లేదు. తీరం వెంట బోర్లలో ఉప్పు నీళ్లు వస్తే సమస్య ఇంకా ముదురుతుంది, ఎందుకంటే ఉప్పులోని క్లోరైడు కాడ్మియాన్ని కదిలించి వేళ్లకు అందిస్తుంది. పొగాకు రైతుకు క్లోరైడు బెడద కొత్త కాదు. పైగా కాడ్మియాన్ని లాగి ఆకులో దాచుకునే పంటల్లో పొగాకు ముందుంటుంది. అందుకే తేలిక నేలల పొగాకు పొలాలకు ఈ ఎరువు అసలు వద్దని నా అభిప్రాయం. వరిలో నీళ్లు నిలిచినంతకాలం కాడ్మియం గంధకంతో కలిసి అణిగి ఉంటుంది, కోతకు ముందు మడి ఆరగట్టగానే మళ్లీ విడుదలవుతుంది.

శనగ గురించి నాకు ఎక్కువ భయం. ఇంగ్లండులోని వోబర్న్‌లో 1942 నుంచి 1961 వరకు పొలాలకు మురుగు బురద వేశారు. ఆపేసి రెండు దశాబ్దాలు దాటాక చూస్తే లోహాలు చాలావరకు పైమట్టిలోనే ఉన్నాయి. క్లోవర్ అనే మేత పైరు వేరు బుడిపెల్లో నత్రజనిని పట్టే బాక్టీరియా ఆ పని చేయలేకపోయింది. శనగ బుడిపెల్లో ఉండేది వేరే బాక్టీరియా, అదే జరిగి తీరుతుందని అనలేం. కానీ యూరియా ఖర్చు లేకుండా నల్లరేగడిలో శనగ పండుతున్నది ఆ బుడిపెల పుణ్యానే కదా.

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి. జింకు, రాగి ఉన్నా అవి లోపం ఉందా అని చూడటానికే. కాడ్మియం, సీసం, నికెల్ అందులో లేవు. బురద తోలే పొలానికి మొదటి లోడుకు ముందే ఈ మూడూ పరీక్షించాలి, ఆ ఖర్చు బురద వదిలించుకునే మునిసిపాలిటీయే పెట్టుకోవాలి. ప్రతి లోడుకూ లోహాల లెక్కతో చీటీ ఇచ్చి, రైతు సేవా కేంద్రంలో సర్వే నంబరు మీద నమోదు చేయాలి, రైతు పేరు మీద కాదు. మన దగ్గర సగం సేద్యం కౌలు మీదే నడుస్తున్నట్టుంది. ఈ ఏడు బురద తోలించిన కౌలుదారు వచ్చే ఏడు ఇంకో పొలానికి పోతాడు. తర్వాత వచ్చినతను ఆ మట్టిలో ఏం చేరిందో తెలియకుండానే ఇంకో ట్రక్కు తోలించుకుంటాడు.