పదిహేడో పడక ఆచార్యుల వారి పదోన్నతి

ఎంబీబీఎస్ మొదటి ఏడాది విద్యార్థి శరీర నిర్మాణ శాస్త్రపు గదిలో అడుగు పెట్టిన రోజున, బల్ల మీది పార్థివ దేహం ముందు చేతులు జోడించి ప్రమాణం చేస్తాడు. ఆ దేహమే నీకు తొలి గురువని అధ్యాపకులు చెబుతారు, కొన్నిచోట్ల పూలు కూడా చల్లిస్తారు. ఎంతో ఉదాత్తమైన ఆచారం. నాకున్న సందేహం ఒక్కటే. చనిపోయిన మనిషికి గురుస్థానం ఇచ్చిన బోధనాసుపత్రి, ఆ తర్వాతి ఏళ్లలో అదే విద్యార్థికి గుండె చప్పుడు వినిపించి, కాలేయపు అంచు వేళ్లకి తగిలించి నేర్పే బతికున్న మనిషికి ఏ హోదా ఇచ్చింది? 'కేసు' అన్న హోదా ఇచ్చింది. అంటే మన వైద్యవిద్యలో గురువు అనిపించుకోవాలంటే ముందుగా చనిపోవాలన్న మాట. ఇంత కఠినమైన అర్హత అధ్యాపక నియామకాల్లో మరెక్కడా లేదు.

అందుచేత బోధనాసుపత్రిలో చేరిన ప్రతి రోగినీ చేరిన నాటి నుంచి బోధనా సిబ్బందిగా గుర్తించి, స్కేలు, కరువు భత్యం, పదోన్నతులతో సహా సకల సదుపాయాలూ కల్పించాలని ప్రభుత్వానికి సవినయంగా విన్నవించుకుంటున్నాను.

ఈ ఆలోచన నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా మేనమామకి చిన్నతనంలో కీళ్లవాతపు జ్వరం వచ్చింది. దాని దెబ్బ గుండె కవాటం మీద పడిన సంగతి ఆయన యాభై దాటాక గానీ బయటపడలేదు. ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో పదిహేడో నెంబరు పడక మీద ఆయన మూడు వారాలు ఉన్నాడు. పక్కన బెంచీ మీద, బెంచీ దొరకనప్పుడు పడక కింద, తోడుగా నేను ఉన్నాను. మైట్రల్ స్టెనోసిస్, అంటే గుండె కవాటం ఇరుకైపోవడం, అన్నారు. బయట ప్రపంచంలో అది పేదల జబ్బే కానీ, బోధనాసుపత్రిలో దానికి జరిగే మర్యాద పెళ్లికి వచ్చిన పెద్దింటి చుట్టానికి కూడా జరగదు. ఉదయం యూనిట్ రౌండ్సు, పదకొండింటికి ఫైనలియర్ పిల్లలు పన్నెండుమంది, మధ్యాహ్నం ఎండీ చదివే పీజీలు, రాత్రి పదింటికి పరీక్ష దగ్గర పడి నిద్ర పట్టని ఇద్దరు హాస్టలు కుర్రాళ్లు. అందరూ ఆయన ఛాతీనే అడిగి వచ్చేవారు.

మూడో రోజుకే మామయ్య, తెల్లకోటు గుమ్మంలో కనిపించగానే గుండీలు విప్పి ఎడమ పక్కకి ఒత్తిగిలడం అలవాటు చేసుకున్నాడు. వారం తిరిగేసరికి "ఊపిరి వదిలి బిగబట్టనా బాబూ?" అని తానే అడిగేవాడు. పదో రోజున ఒక అమ్మాయి ఎంతసేపు విన్నా ఏమీ వినపడక, వెనక నిలబడిన ప్రొఫెసరు గారి వైపు చూసే ధైర్యం లేక బిక్కమొహం వేసింది. మామయ్య పెదవులు కదలకుండా, "పళ్లెం వైపు కాదమ్మా, గంట వైపు పెట్టు. గట్టిగా నొక్కకు. ఇది లోగొంతుకతో మాట్లాడే చప్పుడు" అన్నాడు. ఆ పిల్ల స్టెతస్కోపు తిప్పి పెట్టింది. పావు నిమిషంలో ఆమె మొహం వెలిగింది. "వెరీ గుడ్" అన్నారు ప్రొఫెసరు గారు, ఆ పిల్లతో. మామయ్యతో ఎవరూ ఏమీ అనలేదు.

ఆ పూట పాఠం చెప్పింది ఎవరు, హాజరు పడింది ఎవరికి? 2025 మే నుంచి వైద్య కళాశాలల అధ్యాపకులు ఆధార్‌తో ముడిపడిన ముఖ గుర్తింపు ద్వారా హాజరు వేయాలని జాతీయ వైద్య కమిషన్ ఆదేశించింది. అధ్యాపకులు నిజంగా ఉన్నారా లేదా అన్నది యంత్రం తేల్చవలసి వచ్చిన చోట, ఇరవైనాలుగు గంటలూ ప్రాంగణం దాటని, సాధారణ సెలవు అడగని, ప్రైవేటు ప్రాక్టీసు ఊసే లేని సిబ్బంది పడకల మీద ఉన్నారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. రెసిడెంటు డాక్టర్లకి, అంటే ఈ పీజీల వంటివారికి, వారానికి 48 గంటలు, ఒక్క విడతలో 12 గంటలు మించరాదని 1992లోనే కేంద్రం ఒక పథకం రాసుకుంది. దాన్ని చదివే తీరిక మా వార్డు పీజీకి ముప్ఫయ్యారు గంటలుగా దొరకలేదు. మామయ్య పని వేళలకి అసలు పరిమితే లేదు. రాత్రి పదింటి క్లాసుకి అదనపు భత్యం రావాలి.

ఇక జీతం ఎంతన్నది చాలా తేలికైన లెక్క. వైద్య కమిషన్ 2023 ప్రమాణాల ప్రకారం 150 ఎంబీబీఎస్ సీట్లు కావాలంటే ఆసుపత్రిలో 605 పడకలుండాలి, అవి ఊరికే ఉంటే చాలదు, ఎక్కువ భాగం రోగులతో నిండి ఉండాలి. అంటే సీటు ఒక్కింటికి నాలుగు పడకలు, అన్నీ నిండితే నలుగురు రోగులు. మంచానికి నాలుగు కోళ్లలాగా ఈ నలుగురూ నిలబడితేనే, అదే పడుకుంటేనే, సీటు అనేది నిలబడుతుంది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభించిన కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 'బి' కేటగిరీ సీటుకి ఏడాదికి 12 లక్షలు, ప్రవాస భారతీయుల 'సి' కేటగిరీకి 20 లక్షలు ఫీజు నిర్ణయించారు. పన్నెండు లక్షల్ని నాలుగు కోళ్లకి పంచితే కోడు ఒక్కింటికి ఏడాదికి 3 లక్షలు, నెలకి 25 వేలు. 'సి' కేటగిరీ విద్యార్థి చేయి వేసిన రోజుల్లో రేటు ఇంకా పెరుగుతుంది. మామయ్య ఈ లెక్క విని చాలాసేపు ఆలోచించి, "మరి పొట్ట మీద చేయి వేస్తే వేరే రేటా?" అని అడిగాడు. ఆయన వ్యవసాయదారుడు. గిట్టుబాటు ధర అన్న మాట మీద ఆయనకి ఎప్పుడూ నమ్మకం లేదు.

రోగికి డబ్బివ్వడం మన సంప్రదాయం కాదని ఆర్థిక శాఖ అభ్యంతరం చెప్పవచ్చు. పూర్వోదాహరణ సికింద్రాబాదులోనే ఉంది. 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలకి అప్పగించి, కుట్టిన దోమకి అణా చొప్పున చెల్లించాడు. పది దోమలు, పది అణాలు. ఆ దోమల కడుపులోనే ఆగస్టు 20న మలేరియా క్రిమి దొరికింది. 1902లో రాస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. పరిశోధనలో రోగికి దక్కిన వాటా పది అణాలే అయినా, టోకెను నెంబరు వేసి ట్రెజరీలో ఆపకుండా చేతికిచ్చారన్నది గమనించాలి.

నేటి పరిశోధన అంతకంటే ఎంతో నైతికమైనది కాబట్టి డబ్బు ప్రసక్తి ఉండదు. ఎండీ చదివే ప్రతివారూ థీసిస్ రాయాలి. 'ఒక బోధనాసుపత్రిలో ఫలానా జబ్బుపై అధ్యయనం' అన్న శీర్షిక కింద మామయ్య కూడా యాభైమందిలో ఒకడయ్యాడు. "నేను పూర్తిగా అర్థం చేసుకుని, ఎవరి బలవంతమూ లేకుండా" అని మొదలయ్యే సమ్మతి పత్రం మీద ఆయన వేలిముద్ర వేయడానికి పట్టిన సమయం, సిరా తుడుచుకోవడంతో కలిపి, అర నిమిషం. అయినా తన వేలితో తానే వేశాడు, అది గొప్ప సంగతే. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన అధ్యయనంపై తర్వాత విచారణ జరిగింది. చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయని అందులో తేలింది. పిల్లల తరఫున తల్లిదండ్రులకి బదులు వార్డెన్లు అంత స్వచ్ఛందంగా సమ్మతించడం ప్రపంచ వైద్య చరిత్రలోనే అరుదు.

చికిత్స ఉచితం కాబట్టి జీతం ఎందుకని మరొక వాదన. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద మామయ్య ఆపరేషను నిజంగానే ఉచితం, ఆ మాట కాదంటే కళ్లు పోతాయి. రేషను కార్డు, ఆధారు కార్డు, పాత చీటీలు ఆరు సెట్లు జిరాక్సు తీయించడం, స్ట్రెచరు తోసిన చేతికి వంద, ఎకో పరీక్షకి పదిరోజుల తర్వాతి తేదీ ఇస్తే బయట చేయించుకోవడం, రక్తానికి బదులు రక్తం ఇచ్చే ఇద్దరు కుర్రాళ్లని ఊరి నుంచి రప్పించి భోజనం పెట్టి పంపడం, ఇవన్నీ మాత్రం ఉచితం పరిధిలోకి రావు. అత్తయ్య మూడు వారాల కూలి ఏ పద్దు కిందికీ రాదు. అధ్యాపకుడు తన సొంత ఖర్చుతో వచ్చి, సొంత ఖర్చుతో తిని పాఠం చెప్పే గురుకులం ప్రాచీన భారతంలో కూడా ఉన్నట్టు లేదు.

అర్హతల విషయంలో కూడా రాజీ పడనక్కర్లేదు. 2023లో ఎండీ, ఎంఎస్ సీట్ల ప్రవేశ పరీక్ష పీజీ నీట్‌లో అర్హతను సున్నా పర్సంటైల్‌కి, అంటే పరీక్ష రాస్తే చాలన్న స్థాయికి, దించారు కదా. రోగి ఎంపికలో అటువంటి సడలింపు ఏనాడూ లేదు. చప్పుడు స్పష్టంగా లేని గుండెని పరీక్షకి పిలవరు. అతిథి అధ్యాపకుల వ్యవస్థ కూడా ఇప్పటికే సిద్ధంగా ఉంది. కొన్ని ప్రైవేటు కళాశాలలు తనిఖీ రోజున లేని రోగుల్ని ఉన్నట్టు చూపించాయన్నది 2025లో సీబీఐ పెట్టిన కేసులోని ఆరోపణల్లో ఒకటి. ఆ ఒక్కరోజు పడుకునేవారికి గిట్టుబాటు ఏదో ఉండే ఉంటుందనీ, ఏడాది పొడవునా నిజంగా జబ్బుతో పడుకున్నవారికి కనీసం అంత అయినా ఇవ్వాలనీ నా మనవి.

ఆపరేషను తేదీ ఖరారైన సాయంత్రం మా పీజీ డాక్టరు పడక దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మంచి కుర్రాడు, మూడు వారాల్లో ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మరోసారి స్టెతస్కోపు పెట్టి, కళ్లు మూసుకుని విని, "కవాటం మార్చాక ఈ చప్పుడు ఉండదు పెద్దాయనా" అన్నాడు. అది శుభవార్తగా చెప్పాలని అతను నిజంగానే ప్రయత్నించాడు. మామయ్యే అతన్ని ఓదార్చాడు. "పరీక్షలయ్యేదాకా ఆగమంటే ఆగుతాను బాబూ" అన్నాడు. ఆ కుర్రాడు తల అడ్డంగా ఊపి గబగబా వెళ్లిపోయాడు.

ఆపరేషను బాగానే జరిగింది. లోహపు కవాటం పెట్టారు. రక్తం పలచబడే మాత్ర జన్మంతా వేసుకోవాలి, అప్పుడప్పుడూ రక్తపరీక్షకి బస్సు ఛార్జీలు పెట్టుకుని రావాలి. ఇల్లు సద్దుమణిగిన రాత్రి పక్కన పడుకుంటే గోడ గడియారంలా టిక్కు టిక్కుమని వినిపిస్తుందని అత్తయ్య చెబుతుంది.

నాలుగు నెలల తర్వాత వార్డుబాయి ఫోను చేశాడు. "బాబాయ్, వచ్చే నెల ఫైనలియర్ ప్రాక్టికల్సు. పాత చప్పుళ్లు చాలానే ఉన్నాయి గానీ, లోహపు కవాటం కేసు ఈసారి ఒక్కటీ దొరకలేదు. సార్ నిన్నే అడుగుతున్నారు" అన్నాడు. పాత పోస్టు రద్దయిన నాలుగు నెలలకే పై పోస్టులోకి పదోన్నతి! మామయ్య ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగి, "పోయినసారి రెండు వందలూ ఇడ్లీ పొట్లమూ ఇచ్చారు. ఇప్పుడు లోపల ఇనుము కూడా ఉందిగా, ఎంత అడగమంటావు?" అన్నాడు.