చదువు లేనివాళ్ళకి తత్వం ఎక్కదా?

వారం నుంచీ ఒకటే మెసేజ్. ఊరి గ్రూపులో, చిన్నప్పటి స్నేహితుల గ్రూపులో, గుడి కమిటీ గ్రూపులో కూడా. ‘చదువు రానివాళ్ళకి దేవుడి మాట చెప్పడమెలా’ అని ఐదు సూత్రాలు. పల్లెల్లో ప్రవచనాలు చెప్పేవాళ్ళే దండాలు పెట్టి పంపుతుంటే ఊరుకోలేకపోయాను.

మైకు సౌండ్ పెంచండి, రంగు బొమ్మలు చూపించండి అన్న మొదటి రెండూ వదిలేద్దాం. వాటివల్ల మేలూ లేదు, కీడూ లేదు.

మూడోది: ‘వాళ్ళకి తత్వం ఎక్కదు, చిన్న నీతికథలు చాలు.’ ఇది రాసినవాళ్ళు మా విజయనగరం వైపు తప్పెటగుళ్ళు ఒక్క రాత్రైనా చూశారా? రొమ్ము మీద కట్టుకున్న రేకు తప్పెట వాయిస్తూ, కాళ్ళ గజ్జెలతో గెంతుతూ యాదవులు రామాయణ, భాగవత కథలు పాడతారు. గురువు చరణం అందుకుంటే దళమంతా తిరిగి పాడుతుంది. ఎవరి చేతిలోనూ కాగితం ఉండదు. వీరబ్రహ్మంగారి తత్వాలు ఇన్నాళ్ళూ బతికింది ఎవరి గొంతుల్లో? దేహం పోయాక మిగిలేదేమిటన్న ప్రశ్న, చావింట్లో తెల్లవార్లూ తత్వాలు పాడే భజన బృందానికి కొత్తా? అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథ పుట్టి పెరిగిన నేల ఇది. తత్వం దగ్గర ఆగి, పిట్టకథ చెప్పి, మళ్ళీ అసలు కథలోకి రావడం హరిదాసుల పద్ధతి. వినేవాళ్ళ బుర్ర మీద నమ్మకం లేనివాడు ఆ పని చెయ్యలేడు. చెప్పడం చేతకాక, వినేవాళ్ళకి తెలివి లేదనడం అన్యాయం.

నాలుగోది: ‘రాత లేకపోతే బోధ చెడిపోతుంది, రికార్డు చెయ్యండి.’ మరి వేదం ఎలా నిలిచింది? వేదం వల్లించే పద్ధతుల్లో ఒకటైన ఘనపాఠంలో రెండు పదాలు ముందుకి, వెనక్కి పలికి, మూడోది కలిపి మళ్ళీ ముందుకి, వెనక్కి, ముందుకి పలుకుతారు. తప్పు దొర్లితే పక్కవాడు పట్టేస్తాడు. 2003లో యునెస్కో గుర్తించింది ఆ నోటి సంప్రదాయాన్నే. పండితుల నోట నిలిచింది శాస్త్రమూ, యాదవుల నోట నిలిచింది పుక్కిటి పురాణమూనా? రికార్డు చెయ్యమన్నది మాత్రం నిజమే, ఒప్పుకుంటాను. మాట మారిపోతుందని కాదు. కుర్రాళ్ళు విశాఖ, హైదరాబాద్, చెన్నై పనులకి వలస పోతుంటే చరణం అందుకునేవాడే దొరకడం లేదు.

ఐదోది: ‘భాష గురించి టెన్షన్ వద్దు, తెలుగు అందరికీ వచ్చు.’ శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి, మందస కొండల్లో సవర గిరిజనుల ఇళ్ళలో మాట్లాడేది ఏ భాష? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు సవర పిల్లలకి చదువు చెప్పాలని ముందు తానే సవర నేర్చుకున్నారు, ఆ భాషకి వ్యాకరణం రాశారు. కొండెక్కే ప్రవచనకర్తలు కనీసం రెండు భాషలూ తెలిసిన మనిషినైనా పక్కన కూర్చోబెట్టుకోండి. వినేవాళ్ళు ఎదురు ప్రశ్న వేస్తే మీకూ అర్థం కావాలి కదా.