మహారాజశ్రీ రిఫరల్ చీటీ గారికి

మహారాజశ్రీ రిఫరల్ చీటీ గారి దివ్యసముఖానికి, అల్లూరి సీతారామరాజు జిల్లాలో తారురోడ్డు ఆగిపోయాక ఇంకా పైకి నడిస్తే వచ్చే ఒక ఆశ్రమ పాఠశాల మేస్టారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు కుశలమేనని మాకు తెలుసు. మా కుశలం సంగతి మీరే రాసి పంపుతుంటారు కదా, "కండిషన్ సీరియస్, హయ్యర్ సెంటర్‌కి రిఫర్ చేయడమైనది" అని.

మా ఏజెన్సీలో మందులు నిండుకోవచ్చు, డాక్టరు గారు మీటింగుకి వెళ్లి ఉండవచ్చు, గాలివానకి కరెంటు మూడు రోజులు పోవచ్చు. మీకు మాత్రం ఏనాడూ కొరత రాలేదు. పారాసిట్మాల్ లేని రోజు కూడా సొరుగులో మీ పుస్తకం ఉంటుంది. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని సామెత. మా కొండల్లో ఆ భయం లేదు. మందు వేసేలోపే మీరు వచ్చేస్తారు.

మీ వంశవృక్షం కాస్త చదివాను లెండి. మైదానంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటరైతే కొండల్లో 3,000 మందికే ఒకటి ఉండాలట. దాని పైన పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అక్కడ 30,000 మందికి, ఇక్కడ 20,000 మందికి. ఆ పై ఆస్పత్రి సీహెచ్‌సీ అక్కడ 1,20,000కి, ఇక్కడ 80,000కి. కొండ మనిషి కష్టం తెలిసినవాళ్లెవరో వేసిన లెక్కే, కాదనను. కానీ లెక్క తలల మీద వేశారు, దారి మీద వేయలేదు. మా దగ్గర మూడు వేల మంది ఒక్కచోట ఎక్కడున్నారు? ఈ గట్టున పదిళ్లు, గెడ్డ, అదే కొండవాగు, దాటితే పన్నెండిళ్లు, ఆ పైన పొగమంచు తొలగితే కనిపించే ఇంకో ఏడిళ్లు. వీటన్నిటికీ ఒకే ఏఎన్ఎం గారు, అంటే సబ్‌సెంటర్ నర్సమ్మ, భుజాన టీకాల డబ్బా. డబ్బాలో చల్లదనం రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. ఆవిడ చెమటకి మాత్రం ఏ పరిమితీ పెట్టలేదు.

నా విన్నపం పోయినేడాది శ్రావణమాసం గురించి. ఏ ఊరో, ఏ ఆస్పత్రో రాయను. రేపు నాకు జ్వరమొస్తే నేనూ అక్కడికే వెళ్లాలి.

మా బడి వంటామె కోడలికి ఎనిమిదో నెల. ప్రసవానికి ముందే కొండ దిగి గర్భిణుల వసతి గృహంలో ఉండమని ఆశా కార్యకర్త చెబుతూనే ఉంది. నాట్ల రోజులు, ఇంట్లో ఇంకో చంటిది, పైగా నెల నిండలేదు. "తర్వాత ఎల్దాం లే" అన్నారు. ఒక సాయంత్రం ఆ కోడలు పిల్లకి కాళ్లు వాచి, తలనొప్పి మొదలై, దీపం రెండుగా కనిపిస్తోందంది. నేను సిగ్నల్ రాయి ఎక్కాను. ప్రతి కొండ ఊరికీ అలాంటి రాయి ఒకటుంటుంది, దాని మీద ఒంటికాలిపై నిలబడితే 108 పలుకుతుంది.

ఆ 108 బండి 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. అందులో డ్రైవర్ని పైలట్ అంటారు. మా గెడ్డ ముందుకొచ్చి ఆగినప్పుడల్లా ఆ పేరు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. అక్కణ్ణుంచి ఎగరాల్సిందే మరి.

గెడ్డ దాకా డోలీ. వెదురు గెడకి దుప్పటి రెండు కొసలా ముడివేశారు. ఆ ముడి వేయడం మా ఊళ్లో అందరికీ రాదు. మనిషి బరువుకి జారకూడదు, వానకి బిగిసిపోయి విప్పలేకుండానూ ఉండకూడదు. ఒక పెద్దాయన పళ్లతో లాగి చూశాడు. నలుగురు మోస్తుంటే ఇంకో నలుగురు పక్కనే నడిచారు, భుజం మార్చుకోవడానికి. ఏటవాలులో ముందువాళ్లు గెడను నెత్తికి ఎత్తుకున్నారు, వెనకవాళ్లు దాదాపు కూర్చుని నడిచారు. రెండు గంటలు. ఎవరూ చీటీ అడగలేదు.

పీహెచ్‌సీలో బీపీ చూస్తే 170 బై 110. స్టాఫ్ నర్సమ్మ కంగారు పడకుండా ఇంజెక్షన్ ఇచ్చింది. నేను కళ్లారా చూశాను. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం అని ఆవిడే చెప్పింది. చేయవలసిన పని, చేసింది. ఆ తర్వాత మీరు వెలిశారు. పేరు, వయసు, "బీపీ ఎక్కువ, పైకి పంపడమైనది", ఒక సంతకం. ఇంజెక్షన్ ఏమిచ్చారో, ఎంతిచ్చారో, ఎన్ని గంటలకో రాసే గడి మీలో ఉంది. ఖాళీగా ఉంది. వెళ్లేచోట డాక్టరు ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కున్నట్టు రాసే గడి అసలు లేనే లేదు.

కొండ దిగితే వచ్చిన ఆస్పత్రి గుమ్మంలో మొదటి మాట "చీటీ ఏదీ?" వంటామె ఉప్పు ప్యాకెట్ కవర్లోంచి మిమ్మల్ని పదిలంగా తీసింది. కోడలు తడిసి ముద్దయింది గానీ మీరు మాత్రం తడవలేదు. డ్యూటీలో ఉన్నాయన మిమ్మల్ని తిప్పి తిప్పి చూసి "మెగ్నీషియం ఇచ్చారా?" అన్నాడు. ఇచ్చారండీ అన్నాను. "మీరు డాక్టరా?" అన్నాడు. కాదండీ, సోషల్ మేస్టార్ని. ఆయన పీహెచ్‌సీకి ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి తెలిసిందేమిటంటే, ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ఉన్నారు గానీ మత్తు డాక్టరు సెలవులో ఉన్నారని. అప్పుడు మీకు తమ్ముడు పుట్టాడు, రెండో చీటీ.

తల్లుల మరణాల మీద పరిశోధన చేసేవాళ్లు మూడు ఆలస్యాలుంటాయని చెబుతారు. ఇల్లు కదలడంలో ఒకటి, ఆస్పత్రి చేరడంలో ఒకటి, చేరాక వైద్యం అందడంలో ఒకటి. మొదటిది మాదే, ఒప్పుకుంటాను. మిగతా రెండూ మాత్రం మీ దయవల్ల ప్రతి మజిలీలోనూ కొత్తగా మొదలవుతాయి.

పట్నం చేరేసరికి తెల్లారింది. తల్లి బతికింది. బిడ్డ సంగతి మూడో కాగితంలో మూడు ఇంగ్లిషు అక్షరాల్లో రాశారు.

మిమ్మల్ని రాసే చేతుల మీద నాకు కోపం లేదు, నిజం. పీహెచ్‌సీలో ఆ కుర్ర డాక్టరు దగ్గర రక్తం లేదు, థియేటర్ లేదు, రాత్రి పక్కన నిలబడే మనిషి లేడు. పంపకుండా ఏం చేస్తాడు? అయితే ఒక్కటి. రోగి ఆయన మంచం మీద పోతే ఎంక్వయిరీ, మీతో పాటు దారిలో పోతే మీరే జవాబు. రోగిని పంపుతున్నామని అందరూ అనుకుంటున్నారు గానీ మీ మడతల్లో కొండ దిగేది బాధ్యత. రోగి దాని వెనకాల డోలీలో వస్తుంటాడు.

మీకు బెంగ కలిగించే కబుర్లూ ఉన్నాయి. 2018లో ఏజెన్సీకి బైక్ అంబులెన్సులు ఇచ్చారు. మా జిల్లా కేంద్రం పాడేరులో 2024లో 50 ఎంబీబీఎస్ సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. విశాఖ ఇక్కణ్ణుంచి వంద కిలోమీటర్ల పైమాటే, అదీ ఘాట్ రోడ్డు దిగి. కాబట్టి పాడేరులోనే స్పెషలిస్టులు నిలిస్తే మీ చివరి మజిలీ తప్పుతుంది. ఉద్యోగానికి ఎసరని కంగారు పడకండి. భవనం లేచినంత త్వరగా మత్తు డాక్టరు లేవడు. క్వార్టరుండాలి, ఆయన పిల్లలకి బడుండాలి, సెలవు పెడితే బదులు వచ్చేవాడుండాలి.

ఇంకొక సంగతి అడగాలి. మీరు కిందికే ఎందుకు పారతారు, గెడ్డలాగ? డిస్చార్జి అయ్యాక తల్లీబిడ్డల్ని ఇంటికి చేర్చే బండిలో, బిడ్డ లేకుండా, ఆ పిల్లని రోడ్డు కొసన దింపారు. బీపీ మాత్రలు ఎన్నాళ్లు వేసుకోవాలి, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి, మా ఏఎన్ఎం గారికి ఒక్క ముక్క రాలేదు. ఆవిడే పట్నానికి ఫోన్ చేస్తే "చీటీ నంబరు చెప్పండి" అన్నారట.

మీ ముగ్గురన్నదమ్ములూ ఇప్పుడు వంటామె రేకుడబ్బాలో, రేషను కార్డు పక్కన ఉన్నారు. మొన్న పప్పు రుబ్బుతూ ఆమె ఆగి అడిగింది. "మేస్టారూ, ఆ కాయితాలు దాచుకోవాలేటి, పారేసుకోవచ్చా?"

దాచమన్నాను. ఎందుకో చెప్పలేకపోయాను.

ఇట్లు,
సిగ్నల్ రాయి మీద నిలబడి,
తమ విధేయుడు