సిమెంటు మన దగ్గరే, పగుళ్లూ మన దగ్గరే

మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి ఫ్యాక్టరీల్లో నింపిన సిమెంటు బస్తా నల్లగొండ చేరడానికి ఒక పూట చాలు. రాతినేల మనది, కంకరకు కరువు లేదు. ఇక పనివాళ్లంటారా, దేశంలో పెద్ద డ్యాము ఎక్కడ కట్టినా పాలమూరు లేబర్ చెయ్యి పడిందని చెప్పుకునే జిల్లాలు ఇవి. ఇన్ని ఉండి కూడా మన మార్కెట్ యార్డుల్లో, రైస్‌మిల్లుల ముందు, గుట్టమీది గుళ్ల దగ్గర పోసే సీసీ పార్కింగులు రెండు వానకాలాలకే గళ్లు గళ్లుగా పగులుతున్నాయి. మూడో ఏడు వచ్చేసరికి పైపూత లేచిపోయి కంకర పళ్లికిలిస్తుంది.

అదే కాంక్రీటును అమెరికాలోని మిన్నెసోటాలోనో కెనడాలోని టొరంటోలోనో చూడండి. చలి మైనస్ 20 దాటుతుంది. మంచు కరగడానికి పైన ఉప్పు చల్లుతారు, మంచు తోసే బండి ఇనుప పలక రోజూ గీరుతుంది. అయినా ఒళ్లు దగ్గర పెట్టుకుని పోసిన పార్కింగ్ 20, 30 ఏళ్లు నడుస్తుంది. మన పిల్లలు అక్కడి నుంచి పంపే ఫొటోల్లో మంచు కప్పిన కార్ల కింద ఉన్న నేలను ఎవరూ గమనించరు గానీ, చూడాల్సింది దాన్నే.

నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది. కాంక్రీటు రంధ్రాల్లో ఇరుక్కున్న నీరు ఉబ్బితే లోపలి నుంచే చీలుస్తుంది. దీనికి విరుగుడు అమెరికాలో 1930లలో దొరికింది: కంటికి ఆనని గాలి బుడగలు పుట్టించే రసాయనం కలపడం. 20 ఎంఎం కంకర వాడే కాంక్రీటులో గాలి సుమారు 6 శాతం ఉండాలి, అంటే ఘనమీటరులో 60 లీటర్లు. గడ్డకట్టే నీటికి ఆ బుడగలే చోటిస్తాయి. నీటి-సిమెంటు నిష్పత్తి (బరువుల లెక్కన) 0.45 దాటనివ్వరు. పోసిన కాంక్రీటు కనీసం 3.5 మెగాపాస్కల్ (బలాన్ని కొలిచే ప్రమాణం) బలం అందుకునేదాకా గడ్డకట్టకుండా దుప్పట్లు కప్పి కాపాడతారు. మొదటి చలికాలం ఉప్పు చల్లనివ్వరు, జారకుండా ఇసుకే చల్లుకోమంటారు. మిన్నెసోటాలో నేల ఎంత లోతున గడ్డకడుతుందంటే, ఇళ్ల పునాదులు మూడున్నర నుంచి ఐదు అడుగుల లోతుకు దించాలని అక్కడి కోడ్ చెబుతుంది. ఒండ్రు మట్టి మీద కాంక్రీటు పలక వేస్తే అడుగున మంచు పొరలు పెరిగి దాన్ని పైకెత్తేస్తాయి. అందుకే మట్టి తీసి, నీరు నిలవని కంకర పరుస్తారు.

ఈ స్పెసిఫికేషన్‌ను నెట్‌లో చూసి ఇక్కడా గాలి బుడగల రసాయనం కలిపించాలనుకునే ఇంజనీర్లకు ఒక మాట. వద్దు. గాలి ఒక శాతం పెరిగితే బలం దాదాపు 5 శాతం తగ్గుతుంది. గడ్డకట్టని ఊళ్లో ఆ నష్టం ఎందుకు భరించాలి? అక్కడి నుంచి తెచ్చుకోవాల్సినవి మూడే: నీళ్ల లెక్క, జాయింట్ల (పగులు మనం చెప్పినచోటే రావడానికి కోసే గాట్ల) లెక్క, పోసిన తర్వాతి ఓపిక. ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. మన దగ్గర జరగనివీ ఈ మూడే.

నీళ్లతో మొదలుపెడదాం. 0.45 నిష్పత్తిలో 50 కిలోల బస్తాకు పడాల్సిన నీరు 22.5 లీటర్లు. ఇసుకలోని తడిని కూడా ఇందులోంచే మినహాయించాలి. బస్తాకు సుమారు వంద కిలోల ఇసుక పడుతుంది. అది 5 శాతం తడిగా ఉంటే దాదాపు ఐదు లీటర్లు అప్పటికే మాలులో చేరినట్టు. అంటే బకెట్‌తో పోయాల్సింది 18 లీటర్ల లోపే. సైటులో జరిగేది వేరు. మాలు పార మీంచి జారాలి, రుద్దడం తేలిక కావాలి, పొద్దుగూకేలోగా పని తెగిపోవాలి. కాబట్టి 30, 32 లీటర్లు పడిపోతాయి. ఎం-20 (28 రోజులకు 20 మెగాపాస్కల్ బలం రావాల్సిన గ్రేడు) నామినల్ మిక్స్‌కే, అంటే ల్యాబు డిజైను లేకుండా కొలతలతో కలిపే మాలుకే, మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 పెట్టిన పైహద్దు బస్తాకు 30 లీటర్లు. మరి ఎం-30 అని బిల్లు రాసే సీసీలో అంతకంటే ఎక్కువ పోస్తే దాన్ని ఏ గ్రేడు అనాలి? నిష్పత్తి 0.45 నుంచి 0.65కి జారితే 28 రోజుల బలం సుమారు 38 మెగాపాస్కల్ నుంచి 23కి పడిపోతుంది. సిమెంటులో పైసా దొంగతనం జరగకుండానే ఐదింట రెండు వంతుల బలం పోయింది.

మాలు జారాలంటే ప్లాస్టిసైజర్ అనే రసాయనం ఉంది. రకాన్ని బట్టి బస్తాకు పావు లీటరు నుంచి అర లీటరు చాలు. ట్రిమిక్స్ (పోసిన కాంక్రీటులోంచి వ్యాక్యూం పంపుతో నీరు లాగే పద్ధతి) వేస్తాం గదా, ఎక్కువైన నీళ్లు అదే లాగేస్తుందంటారు. అది లాగేది కొంత నీటినే, పోసిన తప్పంతా కడగదు. రెడీమిక్స్ తెప్పించినా బెడద తప్పదు. ప్లాంటులో నింపిన రెండు గంటల్లోగా దించాలని నిబంధన. ఎండలో దారిలో బిగుసుకున్న మాలులోకి డ్రైవరు నీళ్ల పైపు పెట్టడం అందరికీ తెలిసిన తంతే. ఇంకో పాడు అలవాటు కూడా ఉంది. రుద్దేటప్పుడు పైకి ఊరిన నీటి మీద పొడి సిమెంటు చల్లి నున్నగా చేస్తారు. ఆ పొర కింది కాంక్రీటుతో కలిసిపోదు. చలిదేశాల్లో ఇలాంటి పొర పెచ్చులుగా ఊడుతుంది, మన దగ్గర దుమ్ముగా లేస్తుంది. ఊరిన నీరు ఆరేదాకా తాపీ పెట్టకూడదు, అంతే.

ఇప్పుడు ఎండ సంగతి. 40 డిగ్రీలు దాటితే దాన్ని వేడి వాతావరణపు కాంక్రీటు పనిగా చూడాలని ఐఎస్ 7861 చెబుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో అది తరచూ దాటేదే. చదరపు మీటరుకు గంటకు ఒక కిలో నీరు ఆవిరైతే చాలు, గట్టిపడకముందే పలక మీద పగుళ్లు తేలతాయి. వడగాలి రోజున మధ్యాహ్నం పోస్తే ఆ హద్దు ఎంతసేపట్లో దాటుతుందో చెప్పక్కర్లేదు. చలిదేశంవాళ్లు కాంక్రీటు పోయడానికి ఎండాకాలం కోసం చూస్తారు. మనకు అంతకంటే మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉచితంగా దొరుకుతుంది. దాన్ని వదిలేసి ఏప్రిల్లో పోస్తాం.

జాయింట్ల లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు. 150 ఎంఎం పలకైతే నాలుగు మీటర్లకు మించకుండా, గళ్లు వీలైనంత చతురస్రంగా ఉండేలా కోయాలి. లోతు మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు. కట్టరు తగిలితే కంకర ఊడిరానంత గట్టిపడగానే కోయాలి, వేసవిలో అది ఆ రాత్రే. మూడో రోజు తీరిగ్గా కట్టరు తెస్తే కాంక్రీటు తనకు నచ్చినచోట అప్పటికే కోసుకుని ఉంటుంది. మక్తల్, అలంపూర్ వైపు నల్లరేగడి ఉన్నచోట ఇంకో జాగ్రత్త కావాలి. చలిదేశంలో మంచు చేసే పని ఇక్కడ రేగడి చేస్తుంది, తడిస్తే ఉబ్బి పలకను ఎత్తుతుంది. అర మీటరుకు తక్కువ కాకుండా తవ్వి, మొరం 150 ఎంఎం పొరలుగా రోలర్ కొట్టి, నీరు పారేలా మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు ఇవ్వాలి. కార్లకు 125 ఎంఎం సరిపోతుంది. ధాన్యం లారీలు తిరిగేచోట 200కు తగ్గితే డబ్బు మట్టిలో పోసినట్టే.

అసలు పేచీ క్యూరింగ్ దగ్గర, అంటే పోసిన కాంక్రీటును రోజుల తరబడి తడిగా ఉంచడం దగ్గర. వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు తడి ఆరకూడదని ఐఎస్ 456 అంటుంది. పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన సిమెంటు) లాంటి సిమెంట్లకైతే 14 రోజులు మేలంటుంది. వెయ్యి చదరపు మీటర్ల పార్కింగ్ లెక్క వేద్దాం. 150 ఎంఎం మందానికి 150 ఘనమీటర్ల కాంక్రీటు, సుమారు 1,050 బస్తాల సిమెంటు. మడులు కట్టి నాలుగు సెంటీమీటర్లు నీళ్లు నిలపాలంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 8 కావాలి. ఆపై రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైనా రెండేసి ట్యాంకర్లు. మొత్తం 10 రోజులకు 28 ట్యాంకర్లు మించవు. తడి గోనెసంచులు పరిచి పైన ప్లాస్టిక్ షీటు కప్పితే ఇంకా తక్కువే. 1,050 బస్తాలు కొన్నవాళ్లకు 28 ట్యాంకర్లు బరువా? ఫ్లోరైడ్ బోరు నీళ్లని జంకక్కర్లేదు. ఐఎస్ 456 నీటి పరీక్షలో చూడమనే వాటిలో క్లోరైడ్లు, సల్ఫేట్లు ఉన్నాయి, ఫ్లోరైడ్ లేదు.

మరి ఇదంతా పరీక్షల్లో ఎందుకు పట్టుబడదు? క్యూబులు, అంటే పరీక్ష కోసం అదే మాలుతో అచ్చు పోసే ముక్కలు, పాసవుతాయి గనక. క్యూబు 27 డిగ్రీల నీళ్ల తొట్టిలో 28 రోజులు హాయిగా మునిగి ఉంటుంది. అదే మాలుతో పోసిన పలక రెండో రోజు నుంచే 43 డిగ్రీల ఎండలో మాడుతుంది. ల్యాబు రిపోర్టు చెప్పేది తొట్టిలోని ముక్క బలం. లారీ ఎక్కేది పలక మీద. నిజం తెలియాలంటే పలకలోంచే కోర్లు (డ్రిల్లుతో కోసి తీసే గుండ్రటి ముక్కలు) తీయాలి. కనీసం మూడు కోర్ల సగటు నిర్దేశిత బలంలో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకుండా రావాలని ఐఎస్ 456లోనే ఉంది.

కాంట్రాక్టర్ల వాదనా వినాలి. నిధులు ఆలస్యంగా వస్తాయి, మార్చి 31 దాటితే మురిగిపోతాయి, వానలు పడితే నేల బురద, వానకాలం ధాన్యం వస్తే యార్డు ఖాళీ ఉండదు అంటారు. ఇందులో అబద్ధం లేదు. కానీ యార్డును రెండు సగాలుగా చేసి పోయొచ్చు. వేసవి తప్పదంటే సాయంత్రం ఆరు తర్వాత మొదలుపెట్టి తెల్లారేలోగా ముగించొచ్చు.

నిజానికి కాంట్రాక్టరును తిట్టడం తేలిక. మన బిల్లింగ్ పద్ధతే అతనికి ఈ దారి చూపింది. ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) ఎక్కేది ఘనమీటర్లు. ఐటం వివరణ చివర ‘క్యూరింగ్ సహా’ అని ఒక్క ముక్క ఉంటుంది, దానికి విడిగా రూపాయి లేదు. కొలతలు పూర్తయిన రోజే అతని సంపాదన పూర్తయింది. పదకొండో రోజుదాకా తడిపితే చేతిడబ్బే పోతుంది. రోడ్డుకైనా, చెక్‌డ్యాముకైనా, బడి గదికైనా ఇదే తీరు. పోసినదానికి డబ్బిస్తాం, నిలబెట్టినదానికి ఇవ్వం.

దీన్ని మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, టెండరు పత్రంలో రెండు పేజీలు చాలు. క్యూరింగ్‌ను విడి ఐటంగా పెట్టి ‘చదరపు మీటరు-రోజు’ లెక్కన కట్టాలి: వెయ్యి చదరపు మీటర్లు, 10 రోజులైతే 10,000 యూనిట్లు. తడి ఆరిన రోజు బిల్లులోంచి కొట్టేయాలి. ట్యాంకర్ల ట్రిప్ షీట్లు, రోజుకు రెండు జియోట్యాగ్ (తీసిన చోటు నమోదయ్యే) ఫొటోలు ఎం-బుక్కుకు జతచేయాలి. మార్చి 15 నుంచి జూన్‌లో వానలు పడేదాకా పగటిపూట యార్డు కాంక్రీటు ఆపాలి. కాంక్రీటు ఐటంలో 10 శాతం కోర్ల ఫలితం వచ్చేదాకా పట్టి ఉంచాలి. ఎక్కడ కోర్ తీయాలో కాంట్రాక్టరు గానీ సైటు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గానీ నిర్ణయించకూడదు, వేరే సబ్‌డివిజన్ ఇంజనీరు వచ్చి సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. ఆ రంధ్రాలను అదే గ్రేడు మాలుతో పూడ్చే ఖర్చు కూడా టెండరులోనే చూపాలి.