ఎన్నో భాగమో చెప్పి, ఎన్ని భాగాలో చెప్పని సీరియల్ నంబరు గారికి

అయ్యా సీరియల్ నంబరు గారూ,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ గత కొన్నేళ్లుగా నా కుశలం మీ దయ మీదే ఆధారపడి ఉంది కాబట్టి ఆ మాటను వాయిదా వేస్తున్నాను.

చేతికి నోటు అందగానే అందరూ చూసేది దాని విలువ. కాస్త జాగ్రత్తపరులు చిరుగు ఉందేమో చూస్తారు. మరీ అనుమానం ఉన్నవాళ్లు వెలుతురుకు ఎత్తి నీటిగుర్తు వెతుకుతారు. మూలన నిలబడ్డ మిమ్మల్ని పలకరించేవాడు కోటికొకడు. ఆ ఒక్కణ్ణి నేను. ముందు మీ అక్షరాలు, ఆ వెనక మీ అంకెలు చదివి పుస్తకంలో రాసుకుంటాను. అది ఎంత నోటన్నది ఆ తరువాతి సంగతి. ఎదుటివాళ్లు నాకు ఎక్కువ ఇచ్చారో తక్కువ ఇచ్చారో ఇంటికి వచ్చాక తెలుస్తుంది. (ఎక్కువ ఇచ్చిన సందర్భం ఇంతవరకు రాలేదు.)

ఇంత అభిమానానికి మీరిచ్చిన బదులు ఏమిటి? మీ పేరులోనే సీరియల్ ఉంది. టీవీ సీరియల్‌కూ మీకూ దగ్గరి చుట్టరికం ఉందని నా గట్టి అనుమానం. అదీ అంతే, ఈ రోజుది ఎన్నో భాగమో తెర మీద వేస్తుంది, మొత్తం ఎన్ని భాగాలో వేయదు. కానీ అక్కడ ఒక న్యాయం ఉంది: నిర్మాతకే తెలియదు. మీ సంగతి అలా కాదు. అచ్చు వేసినవాడికి చివరి నోటు వరకు లెక్క తెలుసు. మీకూ తెలుసు. నోటు మీదే కూర్చుని నోరు మాత్రం విప్పరు.

పక్కనుంచి ఈ ఉత్తరం చదివేవాళ్ల కోసం మా వ్యవహారం కొంచెం విప్పి చెప్పాలి, మీరు ఓపిక పట్టండి. నోటు మీద సంఖ్యకు ముందు వచ్చే భాగాన్ని ప్రిఫిక్స్ అంటాం. భారతీయ నోటు మీద ఇది ఒక అంకె, రెండు అక్షరాలు. దాని వెనక ఆరంకెల సంఖ్య. అంటే ఒక ప్రిఫిక్స్ కింద దాదాపు పది లక్షల నోట్లకు చోటుంది. చోటున్నంత మాత్రాన అన్నీ అచ్చయ్యాయని కాదు. వెయ్యి కుర్చీల హాలు కట్టినవాడికి వెయ్యిమంది శ్రోతలు ఉన్నట్టా? మధ్యలో గవర్నరు సంతకం మారవచ్చు, డిజైను మారవచ్చు, ఆ విలువ నోటు ముద్రణే ఆగిపోవచ్చు. అప్పుడు ఆ ప్రిఫిక్స్ ఏ అంకె దగ్గర నిలిచిపోయింది? నలుగురిలోకి వచ్చిన నోట్లు ఎన్ని? మేము రాత్రిళ్లు దీపం పెట్టుకుని వెతికేది ఇదే. ఇంతవరకు కనిపించిన అతి చిన్న నంబరు, అతి పెద్ద నంబరు, నంబరు పట్టీలో దాక్కున్న ఇన్‌సెట్ అక్షరం, వెనకవైపు ముద్రణ సంవత్సరం, అన్నీ వరుసలు గీసి రాసుకుంటాం. నేను రాసుకునే పుస్తకాన్ని నోటుపుస్తకం అంటాను. పేరు పెట్టడానికి కష్టపడవలసిన అవసరం లేకపోయింది.

రిజర్వు బ్యాంకు తన వార్షిక నివేదికలో ఏ విలువ నోట్లు ఎన్ని అందాయో చెబుతుంది. కాదనను. కానీ అది ఊరి జనాభా చెప్పడం. ఏ వీధిలో ఎంతమంది అని అడిగితే నివేదిక మాట్లాడదు. ప్రిఫిక్సుల వారీ లెక్క అందులో ఉండదు.

మీ పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఈ ముభావం ఎక్కడినుంచి వచ్చిందో కొంత అర్థమవుతుంది. ఒకప్పుడు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో గుమాస్తాలు మిమ్మల్ని కలంతో, నోటు తరువాత నోటు మీద రాసేవారు. అప్పుడు మీకు చేతిరాత అనే మనిషి లక్షణం ఉండేది. 1806లో జోసెఫ్ బ్రామా అనే ఆయన నంబర్లు వేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఒక అంకె పడగానే తరువాతి అంకె దానంతట అదే తిరిగి సిద్ధమవుతుంది. ఈ బ్రామా అంతకుముందే ఎవరూ తీయలేని తాళం చేసి, తీయగలిగితే తీయండని సవాలు విసిరిన మనిషి. మీ జాతకం అక్కడే తేలిపోయింది. ఆ తాళాన్నయినా 1851లో ఒక అమెరికన్ రోజుల తరబడి కుస్తీ పట్టి తెరిచాడు. మీ తాళం దగ్గర నేను ఇంకా కూర్చునే ఉన్నాను.

పోనీ, మీకు మాట రాదా అంటే, నా దగ్గర తప్ప అందరి దగ్గరా వస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు నిర్బంధ శిబిరంలోని ఖైదీల చేత బ్రిటిష్ పౌండ్లను దొంగగా అచ్చు వేయించారు. కాగితం కుదిరింది, అచ్చు కుదిరింది, నిపుణులు కూడా తికమకపడ్డారు. బ్యాంకుకు తిరిగొచ్చిన నోట్లను పద్దులో ఎక్కిస్తున్న ఒక గుమాస్తా మాత్రం ఒక నంబరు దగ్గర ఆగాడు. ఆ నంబరు నోటు అంతకుముందే తిరిగొచ్చి చెల్లయిపోయినట్టు పద్దులో ఉంది. అక్కడ గుట్టు చెప్పింది మీరే. 1971లో అమెరికాలో, డి.బి. కూపర్ అన్న పేరుతో చరిత్రకెక్కిన వాడు విమానాన్ని హైజాక్ చేసి రెండు లక్షల డాలర్లతో పారాషూట్ కట్టుకుని దూకాడు. అతనికిచ్చిన ఇరవై డాలర్ల నోట్లు పదివేలు, నంబర్లన్నీ ముందే పోలీసుల దగ్గర భద్రం. 1980లో కొలంబియా నది ఒడ్డున ఇసుకలో ఒక పిల్లవాడికి 5,800 డాలర్ల నోట్లు దొరికాయి. కాగితం శిథిలమైపోయినా అవి ఆ నోట్లేనని సాక్ష్యం చెప్పింది మీరే. మిగతా తొమ్మిదివేల ఏడువందల పైచిలుకు నోట్లు ఎక్కడ అని అడిగితే మళ్లీ మీ పాత జబ్బు తిరగబెట్టింది.

ఇంకా ఘోరం, మీరు శత్రువుకు కూడా రహస్యం చెప్పారు. జర్మన్ ట్యాంకుల భాగాల మీది నంబర్లను పట్టుకుని మిత్రరాజ్యాల గణాంకవేత్తలు 1942 ఆగస్టులో 327 ట్యాంకులు తయారై ఉంటాయని లెక్క కట్టారు. గూఢచారులు 1,550 అన్నారు. యుద్ధం ముగిశాక దస్త్రాలు తెరిస్తే 342. ప్రాణాలకు తెగించి తిరిగిన గూఢచారుల కన్నా బల్ల ముందు కూర్చుని భాగహారం చేసినవాడు నయమనిపించుకున్నాడు. నా బోటి వాళ్లకు అదే కొంపముంచింది. బల్ల, భాగహారం రెండూ మా ఇంట్లో ఉన్నాయి కదా అనుకున్నాను.

సూత్రం చాలా సులువు. చూసిన నంబర్లలో పెద్దదాన్ని తీసుకోవాలి. దాన్ని, చూసినవి ఎన్నో అంతతో భాగించాలి. వచ్చినదాన్ని మళ్లీ ఆ పెద్దదానికే కలిపి ఒకటి తీసేయాలి. అదే మొత్తానికి మన అంచనా. ఒక పాత ప్రిఫిక్స్ నోట్లు ఐదు దొరికాయి, పెద్దది 4,20,615. అంచనా 5,04,737. ఆ రోజు ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. ఈ ప్రిఫిక్స్ సగంలోనే ఆగిపోయిందని, ఇది అరుదైనదని, ఈ సంగతి భూమండలం మీద నాకొక్కడికే తెలుసునని వారం రోజులు కాలు నేల మీద ఆనలేదు. ఎనిమిదో రోజున ఆరో నోటు వచ్చింది. దాని నంబరు 8,81,304. మళ్లీ భాగహారం. అంచనా 10,28,187. ఆరంకెల ఇంట్లో పది లక్షల ఇరవై ఎనిమిది వేలమంది కాపురం! అసలు పట్టనే పట్టరు. గడప దాటి ఎవరు ఎక్కడ పడుకున్నారో నాకు తెలియదు.

తప్పు సూత్రానిది కాదని ఒప్పుకుంటాను. అది నోట్లు చీటీలు తీసినట్టు ఎక్కడివక్కడ కలిసిపోయి చేతికి వస్తాయనుకుంటుంది. మీరేమో కట్టలు కట్టుకుని తిరుగుతారు. వరుస చెడకుండా వందమంది ఒకే ప్యాకెట్లో ప్రయాణం చేసి, ఒకే చోట దిగుతారు. నేను వంద నోట్లు చూశానని మురిసిపోతాను గానీ నిజానికి చూసింది ఒక్క కట్టను. దానికి తోడు, నంబరు ఒకటి నుంచే మొదలైందని, మధ్యలో ఖాళీలు లేవని కూడా సూత్రం నమ్ముతుంది. నమ్మడంలో అది నాకన్నా అమాయకురాలు.

కట్టలో మీ పొందిక కూడా పెద్ద నాటకమే. కట్టలో 501 పక్కన 502 ఉంటే, పెద్ద కాగితం మీద కూడా ఇద్దరూ పక్కపక్కనే పుట్టారని అందరూ అనుకుంటారు. ముప్పైరెండు నోట్లు పట్టే అమెరికన్ షీటును చూస్తే తెలుస్తుంది. రెండు లక్షల షీట్లు ఒక విడతలో అచ్చయితే, ఒకే షీటు మీద ఒకదాని కింద ఒకటి ఉన్న నోట్ల మధ్య తేడా ఒకటి కాదు, రెండు లక్షలు. షీట్ల దొంతరను నిలువునా కోసినప్పుడు ఒక్కో గడి నుంచి వరుస నంబర్ల కట్ట ఊడి వస్తుంది. ఒకే షీటు మీద ఒకరినొకరు ఆనుకుని పుట్టినవాళ్లు ముక్కూమొహం తెలియకుండా విడిపోతారు. వేర్వేరు షీట్ల మీద పుట్టినవాళ్లు తోడబుట్టినట్టు నటిస్తారు. ఈ సంగతి తెలిసిన రోజున నోటుపుస్తకంలో నలభై పేజీలు కొట్టేశాను.

ఇక నక్షత్రాల విషయం. ముద్రణలో పాడైన నోటును తీసేస్తే వరుసలో ఖాళీ వస్తుంది. భారతీయ నోట్లలో పూర్వం అదే నంబరుతో ఇంకో నోటు వేసి ఆ ఖాళీ పూడ్చేవారు. ఎవరికీ తెలిసేది కాదు. 2006 నుంచి చిన్న విలువ నోట్లతో మొదలుపెట్టి, ఖాళీలో స్టార్ నోటు పెట్టడం మొదలైంది. ప్రిఫిక్స్‌కూ సంఖ్యకూ మధ్య ఒక నక్షత్రపు చుక్క (*). బదులుకు వచ్చిన నోటుకు అసలు నోటుకన్నా గిరాకీ ఎక్కువ కావడం మీ లోకంలోనే చూశాను. నాటకంలో వేషగాడికి జ్వరం వస్తే బదులు వేసినవాడికి దండలు పడ్డట్టు. చుక్క కనిపిస్తే చాలు, మావాళ్లకు పట్టపగలే చుక్కలు కనిపిస్తాయి.

మీరు ఒక్కరే ఉంటారు, మీలాంటి ఇంకొకరు ఉండరు అన్నది మీ మొత్తం గర్వానికి మూలం కదా? అది కూడా నిలవలేదు. 2013 సిరీస్ ఒక డాలరు నోట్లలో, న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకును సూచించే బి అక్షరం ఉన్న స్టార్ నోట్లను వాషింగ్టన్‌లోనూ, ఫోర్ట్‌వర్త్‌లోనూ ఒకే నంబర్లతో అచ్చు వేశారు. పదో ఇరవయ్యో కాదు, అరవై లక్షలకు పైగా జతలు. ఏది ఎవరి నోటో తేల్చుకోవాలంటే ముఖం మీద ఎఫ్‌డబ్ల్యూ అన్న బుల్లి అక్షరాలు వెతుక్కోవాలి. ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు వేశామో నెలనెలా ప్రకటించే ముద్రణాలయం అది! లెక్క చెప్పేవాళ్ల ఇంట్లోనే ఇలా జరిగితే, చెప్పనివాళ్ల ఇంట్లో ఏం జరుగుతోందో నేను ఊహించుకుంటూ ఎన్ని రాత్రులు పడుకోలేదో మీకు తెలియదు.

మీలో కొందరి దొరతనం గురించి కూడా ఒక మాట. 888888 అని ఒకే అంకె పరుచుకున్నవారు, 123456 అని మెట్లెక్కేవారు, ఎటు చదివినా ఒకటే అయిన వికటకవులు. వీళ్లను ఫ్యాన్సీ నంబర్లంటారు. వీళ్ల కోసం నోటు విలువకు ఎన్నో రెట్లు చెల్లించే భక్తులున్నారు. బ్రిటన్‌లో 2016లో కొత్త ప్లాస్టిక్ ఐదు పౌండ్ల నోటు వచ్చినప్పుడు ఏకే47 అన్న ప్రిఫిక్స్ కోసం జనం ఎగబడ్డారు. తుపాకీ పేరు పెట్టుకుంటే కాగితానికి, క్షమించాలి, ప్లాస్టిక్కుకు పరువు పెరిగింది. 471938 లాంటి ముఖం లేని నంబర్లను నెత్తిన పెట్టుకుని రాసుకునేది మా జాతి ఒక్కటే. అందగాళ్లు మొత్తం ఎంతమందో చెప్పలేరు. ఆ పని సామాన్యులే చేస్తారు, ఎందుకంటే చేతికి దొరికేది వాళ్లే.

మొదటి సిరీస్ యూరో నోట్ల మీద మాత్రం మీరు కాస్త బుద్ధిగా ఉన్నారు. ముందున్న అక్షరం ఇంగ్లీషు అక్షరమాలలో ఎన్నోదో ఆ సంఖ్యకు మిగతా అంకెలన్నీ కలిపి తొమ్మిదితో భాగిస్తే ఎనిమిది మిగలాలి. మిగలకపోతే అది మీరు కాదు. ఇది తెలిశాక, దూరప్రయాణం చేసి వచ్చిన బంధువు జ్ఞాపకంగా ఇచ్చిన యూరో నోటును నేను అందరి ముందూ భాగించి చూశాను. ఎనిమిదే మిగిలింది. బంధుత్వం మాత్రం అంతగా మిగలలేదు.

నా కోరిక పెద్దది కాదు. ఈ ఒక్క ప్రిఫిక్స్‌లో మీరు మొత్తం ఎంతమందో ఒక కాగితం మీద రాసి పంపండి. మీ దగ్గర కాగితానికి కొరత ఉండదని నా నమ్మకం. వాయిదా వేసిన ఉభయకుశలోపరిని అప్పుడు పూర్తిచేస్తాను.

ఇట్లు,
మీ కోటికొకడు

తా.క.: ఉత్తరం మడిచేలోపు అదే ప్రిఫిక్స్‌లో ఇంకో రెండు నోట్లు కనిపించాయి, రెండూ చిన్న నంబర్లే. చూసినవి ఎనిమిది అయ్యాయి, పెద్దది మారలేదు కాబట్టి అంచనా 9,91,466కు దిగింది. అందరూ మళ్లీ ఇంట్లో పట్టారు. అయితే ఎనిమిదో నోటు నాది కాదు, వరుసలో నా ముందు నిలబడ్డ పెద్దాయనది. నేను మెడ చాచి చూడటం గమనించి ఆయన నోటును గబగబా జేబులో పెట్టుకున్నారు. చివరి అంకె ఏడో ఒకటో సరిగ్గా కనబడలేదు. ఏడని రాసుకున్నాను.