కళ్లు పచ్చబడే దాకా ఆగవద్దు

మూలకణ మార్పిడి జరిగిన పిల్లలను వార్డులో చాలాచోట్ల రోజుకు రెండుసార్లు తూస్తారు. నిద్ర చెడగొట్టి మరీ ఎందుకు తూస్తున్నారని విసుక్కునే తల్లిదండ్రులుంటారు. వారిని తప్పుపట్టలేను. వారాల తరబడి ఒకే గదిలో గడిపేవారికి బిడ్డ కంటినిండా నిద్రపోవడమే పెద్ద ఊరట. అయినా ఆ తూకాన్ని వదులుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మార్పిడికి ముందు ఎముకల్లోని పాత మజ్జను తుడిచిపెట్టడానికి బలమైన కీమోథెరపీ ఇస్తారు. అందులో బుసల్ఫాన్ వంటి మందులు కాలేయంలోని అతి సన్నని రక్తనాళాల లోపలి పొరను గాయపరచగలవు. పొర ఉబ్బి, ఊడి, రక్తం నడిచే దారి ఇరుకవుతుంది. ముందుకు పోలేని రక్తం వెనుకకు ఒత్తుతుంది. కాలేయం పెరుగుతుంది, పొట్టలో నీరు చేరుతుంది, ఒళ్లు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుకుంటుంది. దీన్ని సైనుసోయిడల్ అబ్‌స్ట్రక్షన్ సిండ్రోమ్ అంటారు. పాత పేరైన వీనో-ఆక్లూజివ్ డిసీజ్‌ను కుదించి వీఓడీ అనడం వార్డుల్లో ఇప్పటికీ వాడుక.

కామెర్ల కోసం ఎదురుచూసే అలవాటు ఇంకా పోకపోవడమే నా బాధ. 1980లలో వచ్చిన బాల్టిమోర్ ప్రమాణాల ప్రకారం మార్పిడి తర్వాత మొదటి 21 రోజుల్లో బిలిరుబిన్ (కామెర్లలో ఒళ్లు పచ్చబడేలా చేసే పదార్థం) డెసిలీటరు రక్తానికి 2 మిల్లీగ్రాములకు చేరితే తప్ప ఈ జబ్బు పేరు ఎత్తడానికి లేదు. పిల్లల శరీరం ఆ లెక్కకు లొంగదు. జబ్బు వచ్చిన పిల్లల్లో 30 శాతం దాకా బిలిరుబిన్ పెరగకుండానే వస్తుంది. సుమారు ఐదుగురిలో ఒకరికి మూడు వారాలు దాటాక బయటపడుతుంది. ఇది గమనించే యూరప్ మార్పిడి వైద్యుల సంఘం ఈబీఎంటీ 2018లో పిల్లలకు వేరే ప్రమాణాలు ప్రకటించింది. రోజుల గడువు తీసేసింది. ఎంత ఎక్కించినా నిలవని ప్లేట్‌లెట్లు, మూత్రం మందులు ఇస్తున్నా వరుసగా మూడు రోజులు పెరిగే బరువు లేదా మొదటి తూకం మీద 5 శాతానికి మించిన పెరుగుదల, మునుపటికన్నా పెరిగిన కాలేయం, పొట్టలో నీరు, పెరుగుతున్న బిలిరుబిన్: వేరే కారణం కనబడనప్పుడు వీటిలో ఏ రెండున్నా చాలు. 12 కిలోల బిడ్డకు 5 శాతమంటే 600 గ్రాములే. చేత్తో ఎత్తుకుంటే తెలిసే బరువు కాదది, త్రాసుకే తెలుస్తుంది.

ఈ ప్రమాణాలన్నీ ‘మునుపటికన్నా’ అన్న మాట మీద నిలబడ్డాయి. అందుకే మార్పిడికి ముందే కాలేయాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి రాసిపెట్టడం తప్పనిసరి కావాలంటాను. మొదటి కొలత లేకపోతే తర్వాతి కొలతను దేనితో పోలుస్తారు? రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కాన్‌లో రక్తం ఎదురు తిరిగి పారడం కనిపించేసరికి తరచుగా ఆలస్యమైపోతుంది. స్కాన్ మామూలుగా ఉందన్న ఒక్క మాటతో అనుమానాన్ని కొట్టేయకూడదు.

తొందరపడితే లేని జబ్బుకు మందు ఇచ్చినట్లవుతుందని కొందరు వైద్యులు అంటారు. అది తోసిపుచ్చదగిన మాట కాదు. ఇన్ఫెక్షన్ వల్ల, ఎక్కించిన ద్రవాల వల్ల, దాత కణాలు కాలేయం మీద చేసే దాడి వల్ల కూడా ఇలాంటి లక్షణాలు కొన్ని కనబడతాయి. చికిత్సకు వాడే డెఫిబ్రోటైడ్‌తో రక్తస్రావం ముప్పు ఉంది. కానీ అనుమానించడం వేరు, మందు మొదలుపెట్టడం వేరు. ఇతర అవయవాలు కూడా దెబ్బతినే స్థాయికి చేరాక సరైన చికిత్స లేకపోతే మరణాలు 80 శాతం మించుతాయి. నిర్ధారణ అయిన వెంటనే మందు మొదలైన వారు ఎక్కువగా బతికారు. ముందు జాగ్రత్తగా అందరికీ ఇదే మందు ఇవ్వవచ్చా అంటే, పిల్లల మీద జరిగి 2012లో వెలువడిన పరిశోధన ఆశ కలిగించింది. 2023లో వెలువడిన మరో పెద్ద పరిశోధనలో ప్రయోజనం కనబడలేదు. ఇక మన చేతిలో గట్టిగా మిగిలింది నిఘాయే. నెలల పసికందులు, రెండోసారి మార్పిడి జరిగినవారు, తలసేమియాతో కాలేయంలో ఇనుము పేరుకున్నవారు, న్యూరోబ్లాస్టోమా అనే నాడీకణాల క్యాన్సర్ ఉన్న పిల్లలు: వీరి విషయంలో అది మరింత బిగువుగా ఉండాలి.

తల్లిదండ్రులతో ఒక మాట. బిడ్డ పొట్ట బిగిసిందనో, కుడి పక్క డొక్క కింద ముట్టుకోనివ్వడం లేదనో, లాగు నాడా నిన్నటి ముడికి అందడం లేదనో అనిపిస్తే చెప్పండి. ఆసుపత్రివారి భాషలో చెప్పడం కష్టమైతే దుబాసీని అడగండి, అడగడానికి మొహమాటపడకండి. చెప్పింది కేసు షీటులో రాశారో లేదో కూడా చూసుకోండి.

ఇంటికి వచ్చాక బరువు పెరిగితే బిడ్డ కోలుకుంటున్నాడని అందరికీ సంతోషమేస్తుంది. నిజంగా కోలుకుంటూ ఉండవచ్చు. కానీ తిండి అంతంతమాత్రంగా ఉండి రెండు మూడు రోజుల్లోనే బరువు ఎక్కితే అది నీరేమో చూడాలి. అందువల్ల ఇంటికి పంపే రోజు ఇచ్చే కాగితంలో మందుల పట్టీతో పాటు మరో మూడు ఉండాలని పట్టుబట్టండి: ఆనాటి బరువు, ఎన్ని గ్రాములు పెరిగితే ఫోను చేయాలి, అర్ధరాత్రయినా పలికే నంబరు.